గడువు రెండేళ్లన్నాను

మా అక్క వీసా కాగితం మొదట చదివింది నేనే. అసలు మా ఇళ్లల్లో ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా మొదట చదివేది నేనే. మాది దివిసీమలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపల గంప ఎత్తేది. నేను బీఈడీ చేసి గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. దాంతో చుట్టాల్లో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా, అది మందుల చీటీ అయినా, బోటు ఇంజనుతో వచ్చిన పుస్తకమైనా, ఫొటో తీసి నా వాట్సాప్‌కి పంపుతారు. నేను చదివి చెబుతాను. చెప్పాక దానికిక తిరుగుండదు. అందుకు నాకు కొంచెం గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. మూడో తరగతితో బడి మానేసింది. సంతకం చేస్తుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అమ్మతోపాటు తనూ గంప ఎత్తింది. ఆ మాట ఒక్కసారి కూడా నాతో ఎత్తలేదు. బావ బందరులో, గిలకలదిండి హార్బరులో, బోటు సరంగు. బోటు నడిపేదీ, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేదీ ఆయనే. వాళ్లకి ఒక్కతే కూతురు. సింగపూర్లో ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసే అబ్బాయికిచ్చి చేశారు. ఆ పిల్లకి నెలలు నిండుతుండగా బీపీ ఎక్కువైంది, విమానం ఎక్కొద్దని డాక్టర్లు చెప్పారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది కుదరదని తెలిశాక అక్క ఒక రోజంతా ఏమీ తినలేదు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే పిల్ల దగ్గరికి వెళ్లాలి. నాకు పాస్‌పోర్టు చేయించవే," అంది.

పాస్‌పోర్టు వచ్చింది. చెన్నైలో ఉన్న ఒక ఏజెంటు ద్వారా వీసా కూడా వచ్చింది, ఫోన్లోకి ఒక కాగితంలా. అక్క ఫొటో, ఆ ఫొటోలో ఎవరితోనో తగువు పెట్టుకున్నట్టున్న మొహం, పాస్‌పోర్టు నంబరు, ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు వరకు అని రెండు తారీఖులు. వాటి మధ్య సరిగ్గా రెండేళ్లు. ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చని ఒక ముక్క. నేను వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

"అక్కా, గడువు రెండేళ్లు."

మనకి గడువు అన్నది ఒకటే మాట. మందు సీసా మీద ఉండేదీ గడువే, ఫీజు కట్టడానికి ఇచ్చేదీ గడువే, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఇచ్చేదీ గడువే. ఆ కాగితం మీద ఉన్న రెండేళ్లు, అక్క ఆ దేశం గడప తొక్కడానికి ఉన్న గడువు. తొక్కాక లోపల ఎన్నాళ్లు ఉండొచ్చన్నది వేరే గడువు. అది ఆ కాగితంలో లేదు. దిగిన చోట అక్కడి అధికారి నిర్ణయిస్తాడని మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ప్రశ్నకి జవాబు రాసే ముందు చివరి వాక్యం దాకా చదవండర్రా అని పిల్లల్ని రోజూ సతాయించేదాన్ని నేను. నేనే చదవలేదు.

వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తారు. బావ ఇంటిపట్టున ఉంటాడు, తిండికి తిప్పలు పడడు అని అదను చూసుకుని, వేట ఆపడానికి రెండు రోజుల ముందు అక్క బయల్దేరింది. అక్కడ దిగేవాళ్లు ముందుగానే ఆన్‌లైన్లో ఒక ఫారం నింపాలి. అందులో ఈమెయిలు అడిగారు. అక్కకి ఈమెయిలు ఎక్కడిది? నాది ఇచ్చాను. తను దిగిన గంటకి నా ఫోన్లోకి ఒక మెయిలు వచ్చింది. తెరిస్తే పైన అక్క పేరు, పాస్‌పోర్టు నంబరు. క్షేమంగా దిగిందన్నమాట అనుకున్నాను. అదే సమయానికి అమ్మాయి కూడా వాళ్లమ్మతో దిగిన సెల్ఫీ పంపింది. నేను మెయిలు మూసేసి సెల్ఫీ చూసుకున్నాను.

అల్లుడు తిరుగు టికెట్టు ఇరవై ఎనిమిదో రోజుకి తీశాడు. ఎందుకు ఇరవై ఎనిమిది అని ఎవరమూ ఆలోచించలేదు. చవగ్గా దొరికిందేమో అనుకున్నాం. ఆ అబ్బాయికి కంపెనీవాళ్లు ఉన్నట్టుండి వేరే దేశంలో రెండు నెలల పని వేశారు. వెళ్లిపోయాడు. పదహారో రోజున ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఇరవై అయిదో రోజున అక్క వీడియో కాల్ చేసింది. ఒళ్లో బిడ్డ.

"ఏమే, టికెట్టు దగ్గర పడింది. దీనికి ఇంకా కుట్లు పచ్చిగానే ఉన్నాయి. ఇంట్లో మగదిక్కు లేదు. వచ్చెయ్యమంటావా, ఉండొచ్చంటావా?"

"నిక్షేపంగా ఉండు. గడువు రెండేళ్లుంది కదా. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేసి, మూడో నెల వచ్చాక రా. టికెట్టు మార్పించమను."

పక్కనుంచి అమ్మాయి తొంగి చూసింది. "పిన్నీ, ఖాయమేనా? ఇక్కడ రూల్సు గట్టిగా ఉంటాయి."

"కాగితం నేను చూశానుగా. పచ్చి బాలింతవి, నీకెందుకే ఈ గోల? ఫోను పక్కన పెట్టి పడుకో," అని కసిరాను.

ఆ కసురు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అడిగిన పిల్లని నోరు మూయించాను. అది ఒక్కసారి అక్కడి వెబ్‌సైటు తెరిచి చూసుంటే అయిపోయేది.

వేట మళ్లీ మొదలవడానికి రెండు రోజుల ముందు, అక్కకి కొత్త టికెట్టు గురించి కనుక్కుందామని గుడివాడ బస్టాండు దగ్గర టికెట్లు తీసే ఒక షాపుకి వెళ్లాను. నడిపేది ఒకావిడ. వివరాలన్నీ రాసుకుంటూ అడిగింది.

"దిగినప్పుడు ఎన్నాళ్లిచ్చారండీ?"

"రెండేళ్లండీ."

"అది వీసా అండీ. నేనడిగేది లోపలికి వెళ్లాక ఉండటానికి ఇచ్చింది. పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యట్లేదు, మెయిల్ వస్తదండీ ఇప్పుడు. ఎవరికి వచ్చిందో చూడండి."

ఎవరికి రావాలి? ఫోన్లో వెతికాను. స్కూలు మెయిళ్ల కింద, బట్టల షాపుల మెయిళ్ల కింద, అలాగే ఉంది. అక్క పేరు కింద, నేను ఆ రోజు వేలితో జరపని చోట, ముప్పై రోజులు అని ఉంది. దాని పక్కన ఆఖరి తారీఖు. ఆ తారీఖు వెళ్లిపోయి ముప్పై రెండు రోజులైంది.

ఆవిడ నా మొహం చూసి కుర్చీ జరిపింది. "ఎయిర్‌పోర్టులో పట్టుబడే కంటే, అక్కడి ఆఫీసుకి వాళ్లంతట వాళ్లే వెళ్లి చెప్పుకోవడం నయం అంటారండీ. ఆలస్యం చెయ్యకండి," అంది. నేను ఆవిడకి కనీసం వస్తానని కూడా చెప్పకుండా బయటికి వచ్చేశాను.

బావకి ఫోన్లో చెప్పే ధైర్యం లేక బందరు బస్సెక్కాను. దారి పొడుగునా ఫోన్లో చదువుతూనే ఉన్నాను. జరిమానా అని ఉంది, జైలు అని ఉంది. తొంభై రోజులు దాటితే శిక్ష ఇంకా పెద్దదని ఉంది. ముప్పై రెండు, తొంభై, ముప్పై రెండు, తొంభై అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. పక్క సీటులో ఒకామె మామిడిపళ్ల సంచీ నా కాళ్ల మీద పెట్టి, కాసేపు చూసి, "ఒంట్లో బాగాలేదా అమ్మా," అని అడిగింది. బాగానే ఉందన్నాను.

హార్బరులో ఆ రోజు జాతరలా ఉంది. రెండు నెలలు కట్టేసిన బోట్లలోకి డీజిలు, బియ్యం, ఐసు ఎక్కిస్తున్నారు. బావ వల కుడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏంటి టీచరమ్మా, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు?"

ఆయన పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. వీసా అంటే ఏమిటో, ఉండటానికి ఇచ్చే రోజులంటే ఏమిటో, రెండూ ఒకటి ఎందుకు కావో. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదటికొచ్చాను. ఆయన సూది ఆపి విన్నాడు. విని, ఎదురుగా ఐసు దించుతున్న బోటు వైపు చూశాడు.

"అంటే బోటు లైసెన్సు ఏడాదికి ఉంటది. వేటకెళ్తే మాత్రం ఐసు ఉన్నన్నాళ్లే. ఐసు అయిపోయాక లైసెన్సు చూపిస్తే చేప కుళ్లకుండా ఆగదు. అంతేనా?"

"అంతే బావా."

"ఇంతోటి దానికి అంత చదువు ఎందుకే," అన్నాడు. తిట్టినట్టు అనలేదు. నిజంగా అర్థంకాక అడిగినట్టు అన్నాడు. నాకు అక్కడే సముద్రంలో పడిపోవాలనిపించింది.

కాసేపటికి ఆయనే మళ్లీ అడిగాడు. "దాన్ని కొడతారా?"

"లేదు బావా."

"పరాయి దేశం. ఆడమనిషి. భాష రాదు. కొట్టరు కదా?"

"కొట్టరు," అన్నాను. ఏ ఆధారంతో అన్నానో నాకే తెలియదు. ఆయన వల చుట్టేసి, ఈసారి వేటకి తను రావడం లేదని, ఇంకో సరంగుని చూసుకోమని బోటు యజమానికి చెప్పడానికి వెళ్లాడు. ముప్పై ఏళ్లలో మొదటి రోజు వేట ఆయన మానుకోవడం అదే మొదలు.

అక్కకి అక్కడినుంచే ఫోన్ చేశాను. తను నేల మీద కాళ్లు బారజాపుకుని, కాళ్ల మీద బిడ్డని బోర్లా వేసుకుని నీళ్లు పోస్తోంది. పోయడం అయ్యాక చేస్తాను ఉండమంది. ఉన్నాను. సాంబ్రాణి వేసి, బిడ్డని పడుకోబెట్టి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ ఫోన్ ముందుకొచ్చింది. చెప్పాను. కానీ మొత్తం చెప్పలేదు. ముప్పై రోజులే ఉండాలట, వాళ్ల రూలు అలా ఉందట, మనకి తెలియలేదు అన్నాను. ఆ "మనకి" అన్న మాట వెనక దాక్కున్నాను.

అక్క పడుకున్న బిడ్డ వైపు చూసింది. "నేనేం చేశానే? ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరినీ ఒక మాట అనలేదు. బిడ్డకి నీళ్లు పోసుకుంటున్నాను," అంది.

"వెళ్లి చెప్పుకోవాలక్కా. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది."

"వెళ్తే లోపలేస్తారు. నన్ను లోపలేస్తే దీనికి పథ్యం ఎవరొండుతారు?"

అమ్మాయి ఫోన్ లాక్కుంది. నిదానంగా ఒకటే అడిగింది. "పిన్నీ, దిగినప్పుడు మెయిల్ వస్తుందిగా, అదెవరికొచ్చింది?"

ఫోను అక్కకివ్వమన్నాను. అది "సరే పిన్నీ" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత మూడు రోజులు అక్క కదల్లేదు. కిందకి దిగడం మానేసింది. అంతకుముందు లిఫ్టులో కనపడిన ప్రతి మనిషికీ నవ్వుతూ దణ్ణం పెట్టే మనిషి, తలుపు చప్పుడైతే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకునేదట. పోలీసులనుకుని ఒకసారి పార్సిలు తెచ్చినవాడికి భయపడి అరగంట లోపలే ఉండిపోయిందట. నేను రోజుకి పదిసార్లు ఫోన్ చేసి బతిమాలాను, కసిరాను, ఏడ్చాను. ముప్పై రెండు ముప్పై మూడయింది, ముప్పై అయిదయింది. స్కూలు తెరిచారు. ఎనిమిదో తరగతిలో బోర్డు మీద ఒక వాక్యం రాసి, తర్వాత ఏం రాయాలో తోచక బయటికి వచ్చేశాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఊళ్లో అందరి కాగితాలూ చదివి పెట్టే నేను, నాకోసం గంప ఎత్తిన మనిషి కాగితం సగం చదివి వదిలేశాను. ఇంకెవరిదయినా అయివుంటే ఇంత బాధ ఉండేది కాదేమో. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

నాలుగో రోజు బావ తనే అక్కకి ఫోన్ చేసి మాట్లాడాడు. "ఎన్నాళ్లని దాక్కుంటావే? నువ్వు దొంగవి కాదు. వెళ్లి నిలబడు. ఏమైతే అదవుద్ది," అన్నాడు. అక్క ఆయన మాటకి ఊఁ కొట్టింది.

అలా వాళ్లు అక్కడి ఆఫీసుకి వెళ్లారు. నెలన్నర దాటిన బిడ్డనెత్తుకుని కుట్లు పూర్తిగా మానని కూతురు, చేతిలో సంచీతో తల్లి. పొద్దున్నే బయల్దేరుతున్నామని మెసేజి పెట్టారు. సెలవు అడిగితే ఎందుకో చెప్పాలి కదా, ఆ సిగ్గుకి నేను స్కూలుకి వెళ్లాను. బావ ఒంటరిగా ఉండలేక గుడివాడ వచ్చి, మా స్కూలు ఎదురుగా టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. పదకొండింటికి ఒక మెసేజి వచ్చింది. "అమ్మ పాస్‌పోర్టు తీసుకున్నారు. లోపలికి పిలిచారు. నన్ను బయట ఉండమన్నారు." ఆ తర్వాత ఏమీ లేదు.

పన్నెండయింది, ఒంటిగంటయింది. నేను పిల్లల్ని వదిలేసి బావ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆయన రెండు చేతుల మధ్య టీ గ్లాసు పెట్టుకుని తాగకుండా పట్టుకున్నాడు. నేను ఫోను చూస్తున్నాను. అమ్మాయి కూడా లోపలికి వెళ్లిందేమో, బిడ్డ ఏడుస్తోందేమో, పాలు పట్టడానికి చోటుందో లేదో. అక్కని ఏ గదిలో కూర్చోబెట్టారో, ఏం అడుగుతున్నారో, తను ఏం చెబుతోందో. నన్ను కూర్చోబెట్టండి, ఆమెది కాదు తప్పు, నాది అని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరున్నారు? టీ బడ్డీ ఆయన ఉన్నాడు.

మూడున్నరకి మెసేజి వచ్చింది. జైలు లేదు. గట్టిగా మందలించి జరిమానా వేశారు. వారంలో దేశం వదిలి వెళ్లమన్నారు. బావకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను. మూడోసారి కూడా చదవమన్నాడు. అప్పుడు లేచి మొహం కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

అక్క చెన్నైలో దిగి, గుడివాడ మీదుగా వెళ్లే రైలెక్కి పొద్దున్నే వచ్చింది. బావా నేనూ స్టేషనుకి వెళ్లాం. మనిషి సగమైంది. ఆటోలో మా ఇంటికి తీసుకొచ్చి కాఫీ ఇచ్చాను. తను తాగుతూ అక్కడి సంగతులు చెప్పింది. చేపల లారీలతో వచ్చే అరవవాళ్లతో బేరాలాడి నేర్చుకున్న నాలుగు ముక్కలు అక్కడ పనికొచ్చాయట. అరవం వచ్చిన ఒకాయన మధ్యలో కూర్చుని అడిగాడట.

"ఉండొచ్చని నీకెవరు చెప్పారు అనడిగాడే. ఎవరూ చెప్పలేదు, నాకు చదువు రాదు, నేనే చూసుకోలేదని చెప్పాను."

ఇక నావల్ల కాలేదు. "అక్కా, ఆ మెయిలు మొదటి రోజు నుంచీ నా ఫోన్లోనే ఉంది. నేను చూడలేదు," అన్నాను.

"తెలుసు. అమ్మాయి చెప్పింది."

"మరి నా పేరెందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను కూడా రమ్మంటారేమోనని భయమేసింది. నీకు ఉద్యోగం ఉంది." ఎంతో మామూలుగా అంది. నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. తిరిగొచ్చేసరికి తను సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"వచ్చేటప్పుడు ఇది చేతిలో పెట్టారు. మళ్లీ ఎప్పుడు రావచ్చో దీంట్లో ఉంటుందంట. చదివి చెప్పు. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు ఎలాగూ నా చేత్తో పెట్టలేను. అడుగులేసేటప్పటికైనా వెళ్లగలనా? అరిసెలు వండుకెళ్లాలి కదా."

కాగితం తీసుకున్నాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాను. వెనక్కి తిప్పి చూశాను. మళ్లీ మొదటినుంచి చదివాను. మళ్లీ రావాలంటే ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలని ఉంది. ఇస్తారో ఇవ్వరో అక్కడివాళ్ల ఇష్టమని ఉంది. ఎన్ని నెలలన్నది గానీ, ఎన్నేళ్లన్నది గానీ ఎక్కడా లేదు. ఏడాదిలో వెళ్లొచ్చులే అక్కా అని నోటి చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే తను ఈ పూట అన్నం తింటుంది. బావ నా వైపే చూస్తున్నాడు.

"తెలియదక్కా," అన్నాను. "దీంట్లో లేదు. రాసి అడగాలి. కాదన్నా అనొచ్చు."

అక్క కాగితం నా చేతిలోంచి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టులో దోపి, సంచీ జిప్పు లాగింది. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఆ ముక్క అప్పుడే అనుంటే అయిపోయేది కదే," అంది.